నల్లవి పక్కకి

ఆగండి బాబాయ్. ఆ పార కింద పెట్టండి. డాక్టరు గారేమో గుర్రం కింద పక్క లోతుగా వేయమన్నారు, మీరేమో వేసిందంతా ఎత్తి తోపుడు బండిలో పోస్తున్నారు. ఇదేం పద్ధతి?

అసలు మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు? నిన్ననే కదా వెళ్ళిపొమ్మన్నాను. ఫ్లాస్కు మర్చిపోయానన్నారు, సరే తీసుకోండన్నాను. అదిగో, ఆ మేకుకే వేలాడుతోంది. మీరు దాని వంకైనా చూడకుండా తిన్నగా చుక్క గదిలోకి దూరి పార పట్టారు. పైగా ఫ్లాస్కు కోసం వచ్చిన మనిషి సైకిలు వెనకాల గడ్డిమోపు కట్టుకుని వస్తాడా?

మాట్లాడరు. ఎప్పుడు మాట్లాడారు గనక. నాన్న ఉన్నప్పటి నుంచీ ఈ గుర్రాలశాలలో పనిచేస్తున్నారు, గుర్రాలతో రోజుకి వంద మాటలు, నాతో మూడు. పక్క వేశానమ్మాయి. పక్క తీశానమ్మాయి. పక్క ఎండిందమ్మాయి. నేను పడుకునే పక్క దులిపి ఎన్నాళ్ళయిందో గానీ, ఈ ఎనిమిదింటి పక్కలూ తడిశాయో ఆరాయో మాత్రం నిద్రలో అడిగినా చెప్తాను.

చూడండి దాన్ని. నిన్న కనీసం నిలబడింది. ముందుకాళ్ళు రెండూ చాచి, బరువంతా వెనక్కి వేసి, ఎలాగో నిలబడింది. నిన్న సాయంత్రం నుంచి అదీ లేదు. గిట్టలు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చన్నీళ్ళు పోస్తూనే ఉన్నా, తడిగుడ్డలు మారుస్తూనే ఉన్నా. ఇవాళ తగ్గకపోతే గిట్టలోపలి ఎముక కిందికి జారుతుందట. జారితే ఇంక చేయగలిగింది ఒకటే ఉంటుంది. అది టీచరు గారితో నేను చెప్పాలి. మన గుర్రమైతే మన ఏడుపేదో మనం ఏడ్చేవాళ్ళం. ఆవిడ గుర్రం బాబాయ్, నమ్మి మన దగ్గర వదిలారు.

పదిన్నరకి వస్తారు డాక్టరు గారు. ఆయన వచ్చేసరికి ఈ గది ఇలా తవ్వేసి ఉంటే నేనేం చెప్పను?

అటు వద్దు. ఆ గోడ వైపు అసలు వద్దు. అక్కడ పొడిగానే ఉంది, నేను చూశా.

మీకు ఈ చెక్కపొట్టు మొదట్నుంచీ పడదు, నాకు తెలీదా. గడ్డి మనిషి మీరు. ఆర్నెల్ల కిందట గడ్డి ధర మండిపోతే నేనేం చేశాను? ఊరికే కూర్చోలేదు. నాలుగు బకెట్లు వరసగా పెట్టాను. ఒకదాంట్లో గడ్డి, ఒకదాంట్లో ఊక, ఒకదాంట్లో రంపపు పొట్టు, ఒకదాంట్లో చిత్రిక పొట్టు. ఒక్కోదాంట్లో చెంబెడు నీళ్ళు పోసి, పావుగంట ఆగి వంచాను. గడ్డిలోంచి పోసిన నీళ్ళు పోసినట్టే వచ్చేశాయి. ఊక సగం తాగింది గానీ గాలికి లేచి కళ్ళల్లో పడింది. రంపపు పొట్టు బాగానే పీల్చింది, కానీ ఆ దుమ్ముకి ఎనిమిది గుర్రాలూ దగ్గాయి, తొమ్మిదో దగ్గు మీది. చిత్రిక పొట్టు ఒక్క బొట్టు వదల్లేదు. దుమ్ము లేదు, వాసన లేదు, కాలికి మెత్తగా ఉంటుంది. పైగా మా బావగారి వడ్రంగి షెడ్డులో గుట్టలు గుట్టలుగా పడుంటుంది, ఎత్తుకుపో తల్లీ, నాకూ స్థలం కలిసొస్తుందన్నారు.

పరీక్షలో ఫస్టు వచ్చినట్టు మీ వంక చూశాను. మీరేం చేశారు? గుప్పెడు తీసుకుని, పిండి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఏ కర్రమ్మాయి అన్నారు.

ఏ కర్రయితే ఏం బాబాయ్, గుర్రం దాంతో కుర్చీ చేసుకుంటుందా అన్నాను. సవారీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. మీరు నవ్వలేదు. అప్పట్నుంచీ వచ్చిన ప్రతి సంచీలోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీసి, వాసన చూశాకే పక్క వేశారు. ఒక్కో సంచీకి అంతసేపు. నాకు ఒళ్ళు మండేది.

అన్నిట్లోనూ అంతే కదా మీరు. రోజూ సాయంత్రం ఆ ఒక్క పూట దాణా పెట్టడం అయ్యాక పెట్టెలో మిగిలిందాన్ని చదును చేసి, దాని మీద అరచెయ్యి నొక్కి గానీ మూత వేయరు. ఎలుక దూరినా ఆ గుర్తు చెదిరి తెలిసిపోతుందంటారు. మధ్యవేలు సగం లేని ఆ చేతిని చూస్తే చిన్నప్పుడు నాకు భయం. గుర్రం కొరికిందని నాన్న చెప్పేవాడు. తప్పు నాదే, తొందరపడి చెయ్యి పెట్టానని మీరు గుర్రం తరఫున మాట్లాడేవారు.

అటు వద్దంటున్నానా. ఇటు రండి, ఈ గుమ్మం దగ్గర తీసుకోండి కావాలంటే. ఇక్కడ నిజంగానే తడిసింది.

నిన్నటి సంగతి మనసులో పెట్టుకుని వచ్చారా? పెట్టుకుంటే పెట్టుకోండి. నేను ఒంటికాలి మీద లేచాను, ఒప్పుకుంటా. డాక్టరు గారి ముందు, టీచరు గారి ముందు మీకు వయసైపోయింది, ఇంక మీ వల్ల కాదు అన్నాను. కానీ నన్నేం చేయమంటారు? డాక్టరు గారు ఏం తిన్నదని అడిగారు. దాణా పెట్టె మూత తెరిచి ఉంది. ఈ గదిని ఆనుకునే ఉంటుంది పెట్టె, ఈ సగం తలుపు మీదనుంచి మెడ చాస్తే దీనికి అందుతుంది. ముందురోజు సాయంత్రం దాణా పెట్టింది మీరు. అదీ కళ్ళ ఆసుపత్రి నుంచి వచ్చి. కళ్ళల్లో మందు వేశారు, అంతా మసగ్గా ఉందమ్మాయి అన్నారు. దాణా ఎక్కువ తింటే గిట్టలు వాస్తాయని ఆయనే అన్నారు, నేననలేదు.

మీరే కదా అన్నారు, నేనే మర్చిపోయుంటానని. అందరి ముందూ అన్నారు. నేను అనిపించానా?

తాళంచెవులు ఆ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది. మీరు వెళ్ళాక దీని ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు, తిన్న దాణా బయటికి పోవాలని. తల నేనే పట్టుకున్నా. అరవలేదు, గింజుకోలేదు. నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది.

బాబాయ్, ఆ గోడ దగ్గర వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చెవుడు కూడా వచ్చిందా మీకు? పార ఇటివ్వండి. ఇవ్వండంటే...

సరే. చూశారుగా. ఇంక ఇవ్వక్కర్లేదు.

అవును, నల్లగా ఉంది. పైన తెల్లది, కింద నల్లది. వాసన చూడక్కర్లేదు, నేనే చెప్తా. నల్ల అక్రోటు, వాల్‌నట్ అంటారే, ఆ కర్ర.

మీరు ఆసుపత్రికి వెళ్ళిన రోజు, మొన్న పొద్దున, బావగారి బండి వచ్చింది. తొమ్మిది సంచులు. రెండిటికి మాత్రం చీటీలు కట్టి ఉన్నాయి, పెన్సిలు రాత, ఆయనదే. నల్లవి పక్కకి. అంతే, ఇంకో ముక్క లేదు.

ఆయన షెడ్డులో పక్కకి అంటే పక్కకి. అవతల పెట్టండి, కలపకండి అని. అక్కడ పనిచేసే ఎవరిని అడిగినా అదే చెప్తారు. మరి నాకు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ నాలుగ్గోడల మధ్య పక్కంటే ఒక్కటే. గుర్రం కింద వేసేది. ఆ చీటీ చదివి ఎంత మురిసిపోయానో తెలుసా? పాపం, బావగారు ఎంత శ్రద్ధగా పక్కకి పనికొచ్చేది విడదీసి పంపారో అనుకున్నా. విప్పి చూస్తే పెద్ద పెద్ద చుట్టలు, పొడిగా, మెత్తగా. తడిసినా మరక కనపడని రంగు. మంచి సరుకు కదా అని మంచిదానికి వేశా. ఎనిమిదింట్లోనూ ఏరి చుక్కకి వేశా. రెండు సంచులూ దీనికే.

సాయంత్రం మీరు వచ్చి దాణా పెట్టారు గానీ మీ కళ్ళకి నల్లదీ తెల్లదీ ఒకటే ఆ పూట. రోజూ వాసన చూసే మనిషి ఆ ఒక్కరోజు లేరు. అదీ నా రాత.

నవ్వొస్తే నవ్వండి. నవ్వరు కదా.

ఏంటి, పొరపాటేగా అంటున్నారా? ఎవరికైనా జరుగుతుందనా? అక్కడితో ఆగుంటే నేనూ పొరపాటు చేసిన మనిషినే అయ్యేదాన్ని.

నిన్న పొద్దున మీరు మిగతావాటిని మైదానంలో తిప్పుతున్నారు. నేను ఇటు వచ్చేసరికి ఇది అడుగు వేయలేకపోతోంది. వెంటనే డాక్టరు గారికి చెప్పా, టీచరు గారికి చెప్పా. ఆ ఫోను పెట్టానో లేదో బావగారి ఫోను. ఆ నల్ల సంచులు పక్కకి పెట్టావు కదమ్మా, మావాళ్ళు పొరపాటున బండిలో ఎక్కించేశారు, తీసుకొచ్చేస్తాను, ఆ కర్ర గుర్రాలకి పడదట, ఒక్క పూట దాని మీద నిలబడ్డా గిట్టలు వాచిపోతాయట అన్నారు.

నేను ఇదిగో, ఈ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నా. ఇది కాళ్ళు చాచి నిలబడి నా వంకే చూస్తోంది.

పెట్టాను బావగారూ అన్నాను.

అబద్ధం ఏముంది చెప్పండి. పక్కకే పెట్టా.

డాక్టరు గారు రావడానికి అరగంట ఉంది. ఆ అరగంటలో ఎవరైనా ఏం చేస్తారు? గుర్రాన్ని బయటికి తీస్తారు, ఆ పొట్టంతా ఊడ్చి పారేస్తారు, కాళ్ళు కడుగుతారు. మిమ్మల్ని కేకేస్తే మైదానంలోంచి పరిగెత్తుకొచ్చేవారు. నేను నాలుగు సంచుల తెల్లపొట్టు తెచ్చి దాని మీద పరిచాను.

ఆయన వచ్చి ఏమన్నారో తెలుసా? పక్క బాగా లోతుగా వేశారే, మంచిది, ఇంకా వేయండి, గిట్టలకి మెత్తగా ఉంటుంది అన్నారు. మెచ్చుకున్నారు బాబాయ్. నేను ఇంకా వేశా. నిన్నటి నుంచీ ఇది దాని మీదే ఉంది. నేను గిట్టల మీద నీళ్ళు పోస్తున్నా, ఆ నీళ్ళు కిందకి దిగి ఆ నల్లదాన్నే నానబెడుతున్నాయి.

తీద్దామనే అనుకున్నా. ఒట్టు. సాయంత్రం అందరూ వెళ్ళాక పార పట్టుకున్నా కూడా. అప్పటికి ఇది పడుకుంది. ఒక్కదాన్నీ ఎంత లాగినా లేవలేదు. దీన్ని లేపాలంటే ఇద్దరుండాలి. రెండో మనిషిని నేనే కదా పంపించేశా.

ఎందుకు చెప్పలేదా? టీచరు గారు దీన్ని తీసుకెళ్ళిపోతారు, ఆవిడని చూసి మిగతావాళ్ళూ తీసుకెళ్ళిపోతారు, శాల మూతపడుతుంది. అది నిజమే. కానీ ఫోను పెట్టేయగానే ముందు గుర్తొచ్చింది అది కాదు. మీ మొహం. ఏ కర్రమ్మాయి అని ఆర్నెల్లుగా అడుగుతున్నారు, ఆర్నెల్లుగా నేను నవ్వుతున్నా. మీరు ఏమీ అనరు. ఊరికే చూస్తారు. ఆ చూపు నా మీద పడకూడదనుకున్నా, అంతే.

చెప్పేశాను. ఇంక తిట్టండి.

ఏంటది, జేబులోంచి తీస్తున్నారు? ఇలా చూపించండి.

ఇది... ఈ నల్ల చుట్ట ఎక్కడిది మీకు? నిన్న డాక్టరు గారికి చూపించడానికి గిట్ట ఎత్తి పట్టుకున్నప్పుడా? అందులో ఇరుక్కుందా? తర్వాత వాసన చూద్దామని జేబులో వేసుకున్నారు, ఈలోపు నేను వెళ్ళిపొమ్మన్నాను.

అయితే మీరు ఇందాక గేటులోంచి వచ్చేసరికే మీకు తెలుసు. అందుకే గడ్డిమోపు. అంతా తెలిసి, ఇంతసేపు నన్ను వాగనిచ్చారు.

పదండి. మాటలు తర్వాత. ఆ చివరి ఖాళీ గదిలో గడ్డి పరుద్దాం. మోపు విప్పండి, నేను విదులుస్తా. ఇంకొంచెం ఆ మూలకి. చాలు. ఇప్పుడు దీన్ని లేపాలి. మీరు తల దగ్గర ఉండండి, మీ మాటే వింటుంది. నేను వెనకనుంచి నెడతా.

లే అమ్మా. లే చుక్కా. ఒక్కసారి. ఇంకొక్కసారి. తాడు లాగకండి బాబాయ్, అదే చూసుకుంటోంది, ఆ ముందుకాలు మడతపడింది, ఆగండి, ఆగండి... ఆ.

లేచింది.

మెల్లగా. తొందరేం లేదు. ఎన్ని అడుగులుంటాయి, ఇరవయ్యా? నాన్న శాలకి ఇంత పొడుగు ఎందుకు కట్టాడో. ఒక్కో అడుగుకీ నా ప్రాణం పోతోంది, దీనికెలా ఉందో. అదిగో, వచ్చేసింది. గడ్డి చూసి ముక్కు పెట్టింది చూశారా. నిన్నటి నుంచీ దేనికీ ముక్కు పెట్టలేదు.

కాళ్ళు నేను కడుగుతా. మీరు వంగకండి, మీ నడుం సంగతి నాకు తెలుసు. గిట్టల సందుల్లో ఇంకా ఉంది నల్లది. గోరుతో తీస్తే వస్తోంది.

ఏమన్నారు?

మూతా?

మూత సంగతి ఇప్పుడెందుకు బాబాయ్? దీని కాళ్ళు చూడండి ముందు.

నిన్న ఇంటికెళ్ళి నాలుగుసార్లు తలుపు గడియ చూసుకున్నారా? పొయ్యి మీరు ముట్టుకోనన్నారా? పిన్నినే వెలిగించుకోమన్నారా? మర్చిపోతానేమోనని మందులన్నీ ఆవిడ చేతికిచ్చేశారా?

రెండూ జరిగి ఉంటాయంటారా. పొట్టూ చెడ్డదే, మూత కూడా మీరే మర్చిపోయుంటారు, అది కాస్తో కూస్తో తినే ఉంటుంది, డాక్టరు గారితో రెండూ చెబుదాం, సగం మీ మీద వేసుకుంటానంటారా.

ఎంత బాగా చెప్పారు. అవును అంటే సరిపోతుంది. ఇంత తప్పు చేసి కూర్చున్నదానికి అదో దారి. మీరే ఇస్తున్నారు, నేను అడగను కూడా అడగలేదు.

కాసేపు ఉండండి. ఈ నీళ్ళు మార్చుకుని వస్తా.

బాబాయ్. మూత మీరు వేశారు. వేసే వెళ్ళారు. తీసింది నేను.

తెల్లపొట్టు పరిచాక, ఆయన ఏం తిన్నదని అడుగుతారు కదా అని. అది కాదు మీకు చెప్పాల్సింది. మూత తీస్తే లోపల దాణా చదునుగా ఉంది. మధ్యలో మీ చెయ్యి ఉంది. నాలుగున్నర వేళ్ళు. కళ్ళు కనపడని పూట కూడా చదును చేసి, అరచెయ్యి నొక్కి, మూత వేసి వెళ్ళారు. ఒక్క గింజ చెదరలేదు. గుర్రం తినలేదు, మీరు మర్చిపోలేదు, రెండూ అక్కడ రాసిపెట్టినట్టు ఉన్నాయి.

నేను దాని మీద చెయ్యి పెట్టి కెలికేశా. రెండు డబ్బాల దాణా తీసి కాలవలో పోశా. మూత తెరిచి పెట్టి, వచ్చి చేతులు కడుక్కున్నా. కాసేపటికి మీరొచ్చి, తెరిచిన పెట్టె చూసి, నేనే మర్చిపోయుంటానమ్మాయి అన్నారు. మీ చేతిని మీరు నమ్మలేదు, నన్ను నమ్మారు.

మీకు మతిమరుపు రాలేదు. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకోండి. పిన్నికి కూడా చెప్పండి, నా పేరు చెప్పే చెప్పండి.

అదిగో, డాక్టరు గారి బండి. గేటు నేనే తీస్తా.

మీరేం మాట్లాడకండి. నేను చెప్తా, మొదట్నుంచీ, చీటీ దగ్గర్నుంచీ. మీరు మాత్రం నా వెనక నిలబడొద్దు బాబాయ్. ఎదురుగా నిలబడి ఊరికే అలా చూస్తూ ఉండండి. లేకపోతే ఆయన ఏం తిన్నదని అడగ్గానే, నేను మళ్ళీ ఏం చెప్తానో నాకే తెలీదు.